మూడు చుక్కల కుంచె

అద్దె ఇంటి గోడకి మేకు కన్నం పడితే దాని ఖరీదెంతో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చిటికెడు లప్పం, గరుకు కాగితంతో రెండు రుద్దులు, వేలి మీద అంటేంత రంగు. మొత్తం కలిపితే ఒక టీ డబ్బులు కావు. అదే కన్నాన్ని ఇల్లు ఖాళీ చేసేవాడి అడ్వాన్సులోంచి కోసేటప్పుడు గదంతా లప్పం, ప్రైమరు, రెండు కోటింగులు, రెండు రోజుల కూలి అయిపోతుంది. గోడ అదే, కన్నమూ అదే. మధ్యలో పెరిగింది నా బిల్లు.

నేను పెయింటర్ని. పద్దెనిమిదేళ్ళుగా ఖాళీ అయిన ఇళ్ళకి రంగులు వేస్తున్నాను. పాతవాళ్ళు సామాను దింపుకుని వెళ్ళాక, కొత్తవాళ్ళు సామాను ఎక్కించేలోపు ఉండే రెండు మూడు రోజులే నా బతుకుతెరువు. ఆ పనులిచ్చేవాడు ఒక బ్రోకరు. నలభై ఇళ్ళ తాళాలు నడుముకి వేలాడేసుకుని తిరుగుతాడు కనుక మా ఆవిడ అతనికి తాళాలగుత్తి అని పేరు పెట్టింది. మనిషి మలుపు తిరగకముందే చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు వింటే అద్దెకుండేవాళ్ళకి గుండె దడ. నాకు మాత్రం పని దొరికిందని సంతోషం.

బిల్లు పుస్తకం సంగతి చెప్పాలి. మొదట్లో పనయ్యాక బిల్లు రాసి ఇచ్చేవాణ్ణి. ఒకరోజు తాళాలగుత్తి, "ప్రతి బిల్లుకీ నీ కోసం ఎక్కడ తిరగను గురూ? ఓ పది కాగితాలు సంతకం పెట్టి ఇచ్చెయ్. మిగతాది నేను నింపుకుంటా" అన్నాడు. కాగితం ముందువైపు నా సంతకం, ముద్ర. వెనకవైపు డబ్బు ముట్టినట్టు ఇంకో సంతకం. అలా ఇచ్చే పెయింటర్లకే వరసగా పని దొరుకుతుందని నాకు అర్థమైంది. ఇచ్చాను. పదీ అయిపోతే మళ్ళీ పది. వాటిలో ఏం రాసుకుంటాడో ఎప్పుడూ అడగలేదు. తెలియక కాదు, అడగకపోతే తెలియనట్టే లెక్క అని.

ముద్ర మా అమ్మాయి బొమ్మ. మూడో తరగతిలో ఉండగా ఒక కుంచె గీసి, దాన్నుంచి మూడు రంగు చుక్కలు కారుతున్నట్టు వేసింది. మూడో చుక్క దగ్గర పెన్సిల్ జారి అది మిగతా రెండిటి కన్నా పెద్దదైంది. నాకు అదే ముచ్చటేసి, ఉన్నదున్నట్టు రబ్బరు ముద్ర చేయించాను. ఇప్పుడు పిల్ల ఏడో తరగతి. కొత్త బిల్లు పుస్తకం వస్తే నేను సంతకాలు పెడుతుంటే, అది పక్కన కూర్చుని టపటపా ముద్రలు వేసేది. "చూశావా నాన్నా, ఒక్కటి కూడా వంకర పోలేదు" అని మురిసిపోయేది.

మా వీధి చివర మేడ మీద ఒక నర్సమ్మ ఉండేది. ఇద్దరు మగపిల్లలు, మొగుడు లేడు. మా ఆవిడ ఇంట్లో కూర్చుని చొక్కాల కంపెనీకి కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. అలా పరిచయం. యూనిఫారం గుండీ ఊడినప్పుడల్లా నర్సమ్మ వచ్చి, కుట్టించుకుని, పది నిమిషాలు కూర్చుని వెళ్ళేది. రెండేళ్ళ కిందట ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తూ గోడలన్నీ తడిగుడ్డతో తుడిచింది. నేను రంగు వెయ్యడానికి వెళ్ళేసరికి ఇంకా చెమ్మ ఆరలేదు.

"గోడలు బాగానే ఉన్నాయి కదన్నా? ఆ బ్రోకరుగారికి ఒక్క మాట చెప్పవా? అడ్వాన్సు మొత్తం వస్తేనే అవతల ఇల్లు దొరుకుతుంది" అంది.

"నాదేముందమ్మా, నేను కూలివాణ్ణి. ఆయన్నే అడగండి" అన్నాను.

గోడలు నిజంగానే బాగున్నాయి. ఒక్క కోటింగు వేసి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ, "చెప్పావా ఆవిడ గురించి?" అని అడిగింది. "చెప్పాను" అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. నర్సమ్మ మళ్ళీ గుండీ కుట్టించుకోవడానికి రాలేదు.

ఇదంతా జరిగిన రెండేళ్ళకి మా మెడకే చుట్టుకుంది. మా ఓనరు ఇల్లు అమ్మేశాడు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని తాళాలగుత్తి వచ్చి చెప్పాడు. మా ఇల్లు చూసేదీ అతనే. ఇరవై రోజుల గడువు. "నీకైతే ఇల్లు దొరకడం ఎంతసేపు గురూ, నాలుగిళ్ళ తాళాలు నా దగ్గరే ఉన్నాయి" అని నవ్వాడు. ఆ నాలుగిళ్ళ అద్దెలు విన్నాక నాకు నవ్వు రాలేదు.

చివరికి మా ఆవిడే వెతికింది. చొక్కాల కంపెనీ వెనకవీధిలో రెండు గదులు, కుట్టుకి వెలుతురు పడే కిటికీ, అమ్మాయి బడికి నడక దూరం. అద్దె ఇక్కడ కట్టేదే. అడ్వాన్సు అయిదు నెలల అద్దె, ఆ పైన మొదటి నెల అద్దె. అంటే ఆరు నెలల సొమ్ము ఒక్కసారి కక్కాలి. పాత ఓనరు దగ్గర మా నాలుగు నెలల అడ్వాన్సు ఉంది. తక్కువైంది రెండు. ఆ ఇల్లు పోతే కాజాల పని పోతుంది, రోజూ అంత దూరం చొక్కాల మూటలు మోసుకుని తిరిగేదెవరు? కాజాల డబ్బు లేకపోతే మా ఇంట్లో సగం నెల పొయ్యి వెలగదు.

రెండు నెలల అద్దె కోసం ఎక్కని గుమ్మం లేదు. మా బావమరిది, "అయ్యో బావా, మొన్ననే ఉన్నదంతా స్థలంలో పెట్టాను" అని, ఆ తర్వాత అరగంట సేపు పొదుపు గురించి చెప్పాడు. సలహాలకి అడ్వాన్సు అక్కర్లేదు కదా. చొక్కాల కంపెనీ మేనేజరు, కుట్టిన కాజాలకే డబ్బులు నెల తిరిగాక ఇచ్చేవాడు, కుట్టబోయేవాటికి ఇస్తాడా? ఇలా తిరుగుతుంటే రంగుల దుకాణంలో ఎవరో అద్దె సహాయ నిధి గురించి చెప్పారు. అడ్వాన్సు కట్టలేనివాళ్ళకి ఆ ఆఫీసువాళ్ళు సాయం చేస్తారట.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. రెండు బెంచీలు, టోకెన్లు, ఒకే కిటికీ. కిటికీ వెనక గుమాస్తా మేడమ్, ఆవిడ ముందు బల్లకి దారంతో కట్టేసిన పెన్ను. పెన్నులెత్తుకుపోయే జనం ఇళ్ళకి సాయం చేసే ఆఫీసన్నమాట. కానీ మేడమ్ మంచిగానే మాట్లాడింది.

"మీకున్నంత మీరు పెట్టాలి. తక్కువైంది, రెండు నెలల అద్దె దాకా, మేమిస్తాం. నేరుగా కొత్త ఓనరుకే కడతాం. పాత ఓనరు దగ్గర్నుంచి అడ్వాన్సు లెక్క కాగితం తీసుకురండి."

"అంతేనా మేడమ్?"

"అంతే. కాకపోతే అందులో ఇల్లు పాడుచేసినందుకు కోత అని ఉంటే మాత్రం కుదరదు. ఇల్లు పాడుచేసినవాళ్ళకి నిధి సొమ్ము ఇవ్వకూడదని రూలు."

నాకు లోపల నవ్వొచ్చింది. నా ఇంటి గోడకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. ఆ రూలు విన్నప్పుడు నాకు నర్సమ్మ గుర్తుకు రావాలి. రాలేదు. ఎవరి గోల వారిది.

అయినా ఎందుకైనా మంచిదని ఆ ఆదివారం ఇల్లంతా నేనే రంగు వేశాను. పాత పనుల్లో మిగిలిన డబ్బాలన్నీ తీసి, రంగు కలిసేలా కలిపి, మూలమూలలా లప్పం పెట్టి, రెండు కోటింగులు. వేరేవాళ్ళ ఇళ్ళకి ఏనాడూ అంత శ్రద్ధగా వెయ్యలేదు. మా ఆవిడ నేల మీద పడ్డ చుక్కలు గోకింది. అమ్మాయి తలుపు చట్రాలకి రంగు వేసి, చేతులకి, ముక్కుకి కూడా వేసుకుంది. సాయంత్రానికి ఇల్లు పెళ్ళికూతురిలా తయారైంది. "రంగేస్తే ఇల్లు ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో వేసుకునేవాళ్ళం కదా" అంది మా ఆవిడ.

బుధవారం తాళాలగుత్తి లెక్క కాగితం తెచ్చాడు. నాలుగు నెలల అడ్వాన్సు. అందులోంచి మూడు నెలల కోత. గోడల నిండా మరకలు, లప్పం ఊడింది, మొత్తం ఇంటికి ప్రైమరు, రెండు కోటింగులు. కాగితానికి ఒక బిల్లు పిన్ను కొట్టి ఉంది. బిల్లు మీద మూడు చుక్కల కుంచె. మూడో చుక్క పెద్దది.

"ఇదేంటి? రంగు వేసింది నేను కదా! మొన్న ఆదివారమే వేశాను!" అన్నాను.

"వేశావని నీ బిల్లే చెబుతోందిగా."

"అయితే ఆ డబ్బు నాకు రావాలి కదా!"

కాగితం తిప్పి చూపించాడు. వెనక, సొమ్ము ముట్టినట్టు నా సంతకం.

"ఓనరు ఇల్లు అమ్ముకున్నాడు గురూ, ఆయనకి చేతిలో డబ్బాడటం లేదు. అందరికీ ఎలా కోస్తామో నీకూ అలాగే కోశాం. నువ్వు తెలిసినవాడివని ఒక నెల వదిలేశా" అన్నాడు. తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

నన్ను కొట్టినా అంత మండేది కాదు. పోనీ నలుగురినీ పిలిచి న్యాయం అడుగుదామా అంటే, ఏమని అడగను? సంతకాలు పెట్టి ఖాళీ బిల్లులిచ్చానని చెప్పాలి. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. మా ఆవిడ బిల్లు తీసుకుని రెండు వైపులా చదివింది.

"మన ఇంటికి మనమే రంగేసి, మనమే బిల్లిచ్చి, మనమే కట్టుకున్నామన్నమాట" అంది. "మన వేలు, మన కన్ను. ఇంకొకరి మీద పడి ఏడవడానికి కూడా లేదు."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఆ ఆఫీసుకే వెళ్దాం. బిల్లు అబద్ధమని చెప్పు. సంతకం నీదేగా, నువ్వు చెబితే కాదనేదెవరు?"

గురువారం ఇద్దరం వెళ్ళాం. నెలాఖరుకి అయిదు రోజులుంది. టోకెన్ రావడానికి మూడు గంటలు పట్టింది. మేడమ్ లెక్క కాగితం చదివి, తల అడ్డంగా ఊపింది. బిల్లు చూడగానే మాత్రం ఆగిపోయింది.

"ఈ కుంచె నాకు బాగా తెలుసు" అంది.

"అది నాదే మేడమ్. నేనే పెయింటర్ని. ఈ బిల్లు అబద్ధం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. వాళ్ళు నింపుకున్నారు. మా ఇంటి గోడ మీద ఒక్క మరక లేదు, కావాలంటే వచ్చి చూసుకోండి."

ఆవిడ లేచి వెనక బీరువాలోంచి ఒక ఫైలు తీసుకొచ్చింది. మా ముందు తెరిచింది. "రూలు వల్ల వెనక్కి పంపించిన అప్లికేషన్లివి. వీటిలో పద్నాలుగింటికి ఇదే ముద్ర ఉంది" అంది. "ఇవి కూడా అబద్ధమేనా?"

నా లెక్క కాగితాన్ని ఆ ఫైలు పక్కనుంచి ఇవతలికి జరుపుకున్నాను.

"అలా అడుగుతున్నారెందుకు మేడమ్?"

"చెబుతాను, విని చెప్పండి." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది. "మీదొక్కటే అబద్ధమంటే, అలా రాసి సంతకం పెట్టండి. మీ ఓనరుకి ఇవాళే నోటీసు పంపుతాం. కోసింది రెండు రోజుల్లో తెచ్చిస్తారు, నిధితో గొడవ వాళ్ళకీ మంచిది కాదు. మీ రెండు నెలలు రేపే మంజూరవుతాయి. పద్నాలుగూ అబద్ధమేనంటే, ఆ అప్లికేషన్లన్నీ మళ్ళీ తెరవాలి. తేదీల వరస ప్రకారం వాళ్ళు మీకన్నా ముందుంటారు. ఈ మూడు నెలలకి నా దగ్గర మిగిలింది పదకొండు కుటుంబాలకి సరిపడా డబ్బు."

"అంటే నేను..."

"పదిహేనో నంబరు. వచ్చే మూడు నెలల్లో చూడొచ్చు."

ఫైలు నావైపు తిప్పింది. అన్నిటికన్నా పైనున్న కాగితం తిరగేసి పెట్టినట్టుగా కాదు, చదువుకోమన్నట్టుగా పెట్టింది. ఉద్యోగం: నర్సు. పిల్లలు: ఇద్దరు. మా నర్సమ్మ పేరు నాకు ఆ రోజే తెలిసింది. ప్రస్తుత చిరునామా అన్నచోట ఒక వీధి పేరు రాసి కొట్టేశారు. దాని కింద ఒక హాస్టల్ పేరు రాసి అదీ కొట్టేశారు. మూడోసారి ఏమీ రాయలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు అలా కూడా లేదు. ముందు రెండు గదుల ఇల్లుంది, కిటికీ ఉంది, కిటికీలోంచి వెలుతురుంది. వెనకే గొయ్యి, అందులో నేను కాదు, వేరేవాళ్ళున్నారు. నేను దిగాలా వద్దా అన్నదే ప్రశ్న. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తలొంచుకుని చీర కొంగు మీద లేని దారపు పోగు ఏదో లాగుతోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"ఇదొక్కటే అబద్ధం మేడమ్" అన్నాను. "మిగతా ఇళ్ళు నిజంగానే పాడయ్యాయి. నేనే వేశాను, రెండేసి కోటింగులు."

మేడమ్ ఒక తెల్లకాగితం మీద తనే రాసింది: ఈ ఒక్క బిల్లు మాత్రమే తప్పు, నేనిచ్చిన మిగతా పద్నాలుగు బిల్లులూ సరైనవేనని నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను. చదవమని నాకిచ్చింది. చదివాను. పెన్నుకి దారం చాలలేదు. కాగితాన్నే పెన్ను దగ్గరికి జరిపి సంతకం పెట్టాను.

ఇన్నాళ్ళూ ఖాళీ కాగితాల మీద పెట్టాను. ఏం రాస్తారో నాకేం తెలుసు అని సర్దిచెప్పుకున్నాను. ఒక కాగితం చదివి సంతకం పెట్టడం అదే మొదటిసారి.

మెట్లు దిగుతుంటే మా ఆవిడ అడిగింది. "నర్సమ్మ కాగితం ఉందా అందులో?"

"లేదు" అన్నాను.

ఆవిడ రెండు మెట్లు దిగింది. వెనక్కి తిరగలేదు.

"నాకూ చదవడం వచ్చు" అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

మేడమ్ చెప్పినట్టే జరిగింది. శనివారానికల్లా తాళాలగుత్తి కోసిన మూడు నెలల సొమ్మూ తెచ్చి చేతిలో పెట్టాడు. అరుస్తాడేమో, పని మానిపిస్తాడేమో అని నేను సిద్ధంగా ఉన్నాను. అతను నా భుజం మీద చెయ్యేశాడు.

"నోటీసులో నీ ఒక్క బిల్లే ఉంది గురూ. మిగతావాటి గురించీ వాళ్ళు అడిగే ఉంటారు. నువ్వు నోరు జారలేదు. మనిషంటే నువ్వయ్యా" అన్నాడు. "ఓనరుదే తప్పు, నీ జోలికి పోకుండా ఉండాల్సింది. వచ్చేవారం మూడిళ్ళు ఖాళీ అవుతున్నాయి, అన్నీ నీకే."

వెళ్తూ వెళ్తూ కొత్త బిల్లు పుస్తకం ఒకటి కిటికీలో పెట్టి వెళ్ళాడు.

ఇప్పుడు కొత్త ఇంట్లో ఉన్నాం. ఇల్లు బాగుంది, ఆ మాట అబద్ధం ఎందుకు చెప్పాలి. కిటికీ దగ్గర మా ఆవిడ చొక్కాల మూట పెట్టుకుంది. గోడలకి ఒక్క మేకు కొట్టలేదు. బట్టలన్నీ ఇంకా సంచుల్లోనే ఉన్నాయి, అద్దం నేల మీద గోడకి ఆనించి ఉంది, తల దువ్వుకోవాలంటే కూర్చోవాలి.

నిన్న సాయంత్రం బిల్లు పుస్తకం తీసి నేల మీద కూర్చున్నాను. ఆ మూడిళ్ళ పని వదులుకుంటే వచ్చేనెల అద్దెకి ఎక్కడికి పోను? ముందు సంతకం, వెనక సంతకం, పదీ పెట్టాను. అమ్మాయి ఎప్పటిలాగే సంబరంగా ముద్ర, ఇంకు డబ్బా పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది. మా ఆవిడ కుడుతున్న కాజా అలాగే వదిలేసి లేచింది. పిల్ల చేతిలోంచి ముద్ర తీసుకుంది.

"ఎందుకమ్మా? నేనేగా ఎప్పుడూ వేసేది!"

"ఇకనుంచి నువ్వు వెయ్యకు" అంది. ముద్ర తెచ్చి నా ముందు పెట్టింది. "మీ నాన్నే వేసుకుంటాడు."

పదీ నేనే వేశాను. రెండు వంకర పోయాయి.